మూడో కొట్టు దాటాక

ఆ క్లాసులో అడుగుపెట్టిన రోజు నా దగ్గర ఉన్నవి ఇవి: ఒక మీటరు బద్ద, ఒక పెద్ద కత్తెర, చంకలో గుడ్డ ముక్కల మూట, బడి ప్రహరీగోడలో ఇరుక్కుని ఉన్న నా కట్‌పీసుల కొట్టు, ఆ కొట్టు పోతుందేమోనన్న భయం. పిల్లల మీద ప్రేమ ఉందా అంటే, లేదు. లేని సరుకు ఉందని చెప్పి అమ్మడం నాకు అలవాటు లేదు.

కొట్టు సంగతి ముందు చెప్పాలి. మూడంతస్తుల బడి, ఎదురుగా ఎప్పుడూ బస్సులు అరిచే రోడ్డు. గోడ పొడవునా బడివాళ్ళే గదులు కట్టి అద్దెకిచ్చారు. గేటు పక్కన మొదటి గది నాది. ఆ గదిలో దిగిన నాటి నుంచీ పిల్లలకూ నాకూ పడదు. కొట్టు ముందు మూడు మెట్లున్నాయి. బడి వదిలితే చాలు, మెట్ల నిండా వాళ్ళే. లోపలికి రావాలనుకున్న ఆడవాళ్ళు ఆ మోకాళ్ళనూ సంచులనూ దాటలేక పక్క కొట్టుకు పోయేవాళ్ళు. అందుకని రోజూ సాయంత్రం గంట కొట్టే ముందు మెట్ల మీద బకెట్టుడు నీళ్ళు కుమ్మరించేవాణ్ణి. తడిమెట్ల మీద ఎవరు కూర్చుంటారు? వాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు, నేను విననట్టు గుడ్డ మడతపెట్టుకునేవాణ్ణి.

ఆ ఏడు బడి తెరవగానే పెద్ద మేడమ్ కబురు పెట్టారు. హెడ్‌మిస్ట్రెస్‌ను మా కొట్లవాళ్ళమంతా అలాగే అంటాం. ఆవిడ బేరం తెలిసిన మనిషి. కూర్చోమని కూడా అనకుండా మొదలుపెట్టారు.

"మీ గది మీద సెల్‌ఫోన్లవాళ్ళు కన్నేశారండీ. మీకంటే ఎక్కువిస్తామంటున్నారు."

"ఇస్తారు మేడమ్. రెండేళ్ళు ఇచ్చి మూడో ఏడు బోర్డు పీక్కుని పోతారు."

"నాకూ తెలుసు. అందుకే మిమ్మల్ని పిలిచాను. మా దగ్గర అమ్మకాల కోర్సు ఒకటుంది. చెప్పే ఆయన మానేసి వెళ్ళిపోయాడు. ఆ పాఠం వ్యాపారంలో ఉన్నవాళ్ళే చెప్పాలని రూలు. కోర్సు నడిస్తే, పిల్లల ప్రాక్టీసు కోసమని ఒక గది అట్టే పెట్టుకోవచ్చు. మీ గదినే చూపిస్తాను. కోర్సు పోతే గదీ పోతుంది."

"కోర్సు ఎప్పుడు పోతుంది?"

"ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్షకి డజను మందిలో ఒక్కరు తగ్గినా పోతుంది."

"ఇప్పుడెంత మంది ఉన్నారేమిటి?"

"డజను," అన్నారావిడ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"అంటే ఒకడికి జ్వరం వస్తే నా కొట్టు గోవిందా."

"జ్వరమొస్తే మోసుకురండి. ఇంకో మాట. పాఠం సంగతి తర్వాత. ముందు మీరు వాళ్ళకి కావలసిన మనిషి అనిపించాలి. ఇంతకుముందు వచ్చినవాళ్ళంతా ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయారు. వాళ్ళు ఎవర్నీ నమ్మరు."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

మొదటి రోజు క్లాసులోకి వెళ్ళేసరికి నా కుర్చీ నిండా నీళ్ళున్నాయి. చెంబుతో పోసినట్టు కాదు, బకెట్టుతో పోసినట్టు. నేల మీదికి ధార కారుతోంది. డజను మందీ చేతులు కట్టుకుని, బుద్ధిమంతుల్లా నా వంకే చూస్తున్నారు.

"కుర్చీ తడిగా ఉంది సార్," అంది ముందు బెంచీ పిల్ల. సన్నగా, జుట్టు లాగి కట్టుకుని, చూపుతోనే గీరేటట్టుంది. "కూర్చుంటే మీ గిరాకీ పోతుందేమో."

దాన్ని క్లాసంతా కత్తెర అంటారని తర్వాత తెలిసింది. నోరు విప్పితే ఏదో ఒకటి తెగాల్సిందే. నేను మూటలోంచి మందపాటి నూలు ముక్క తీసి కుర్చీ తుడిచి, "చూశారా, నూలు నీళ్ళు పీలుస్తుంది. పాలియెస్టర్ అయితే జారిపోయేది. మొదటి పాఠం అయిపోయింది," అని దర్జాగా కూర్చున్నాను. కుర్చీ పేము అల్లికలో మిగిలిన తడి అంతా పంట్లాముకు పట్టింది. లేస్తే వెనక మరక కనిపిస్తుంది. అందుకని గంట కొట్టేదాకా కదలకుండా కూర్చునే పాఠం చెప్పాను. గంట కొట్టింది. ఒక్కరూ లేవలేదు. నేను లేవడం కోసం చూస్తున్నారు.

"మీరు వెళ్ళండి," అన్నాను.

"పెద్దవాళ్ళు ముందు సార్," అన్నాడు వెనక బెంచీవాడు. వాడి గుసగుస కూడా కింది అంతస్తుకు వినబడుతుంది. అందుకే వాడి పేరు మైకు.

మూట వెనక్కి పట్టుకుని గోడకు ఆనుకుంటూ బయటపడ్డాను. నా వెనక బెంచీలన్నీ ఒక్కసారిగా దద్దరిల్లాయి. కట్‌పీస్ సార్ అన్న పేరు ఆ సాయంత్రానికే గేటు దాకా పాకింది.

పెద్ద మేడమ్ మాట పట్టుకుని మంచిగా ఉందామని కూడా చూశాను. మర్నాడు మైకును పట్టుకుని, నవ్వు మొహం పెట్టి, "ఇంట్లో ఎవరెవరుంటార్రా?" అన్నాను.

"ఎందుకు సార్, సంబంధం మాట్లాడతారా?"

"ఊరికే అడిగాను."

"మీరు ఊరికే ఏదీ ఇవ్వరుగా సార్. అడగడం మాత్రం ఊరికేనా?"

నవ్వు మొహం తీసేశాను. అది నా మొహానికి నప్పే సరుకు కాదు. నాకు వచ్చిన విద్య చెబితే చాలనుకున్నాను. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూడటం, అంచు లాగి నేత చూడటం, వచ్చినావిడ కళ్ళు ఏ రంగు దగ్గర ఆగాయో కనిపెట్టి ఆ రంగును ఆఖర్న తీయడం, ఇవన్నీ చెప్పాను. విన్నారు, కానీ గోడలా విన్నారు. ఒకరోజు మూడో కొట్టు పాఠం చెప్పాను. అది నాకు మా నాన్న నేర్పినది. మిగతా పాఠాలన్నీ మార్చుకున్నాను గానీ దీన్ని మార్చలేదు.

"గిరాకీ ధర నచ్చక లేచిపోతుంటే వెనక్కి పిలవకూడదు. పిలిచామంటే మొదట చెప్పిన ధర అబద్ధమని మన నోటితో మనమే చెప్పుకున్నట్టు. నిజంగా కావలసినవాడు ఒక కొట్టు దాటతాడు, రెండోది దాటతాడు, మూడో కొట్టు దగ్గర నడక తగ్గిస్తాడు. చెప్పు సర్దుకుంటాడు. మనం పిలుస్తామేమోనని చెవి ఇటు పెడతాడు. మనం పలక్కూడదు. అప్పుడు తనే తిరిగొస్తాడు."

"రాకపోతే?" అంది కత్తెర.

"వస్తాడు."

"రాకపోతే సార్?"

"రాకపోతే వాడు గిరాకీయే కాదు."

ఆ అమ్మాయి పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తూ కూర్చుంది.

ఆ పాఠం తర్వాతి రోజే గొడవ జరిగింది. ఉత్త మాటలతో లాభం లేదని బేరం ఆడించాను. నేను కొట్టువాణ్ణి, ఒక్కొక్కరూ వచ్చి కొనాలి. మైకు వచ్చి మొదటి మాటకే ఒప్పుకుని నవ్వులపాలయ్యాడు. తర్వాత కత్తెర లేచింది. నీలం రంగు ముక్క ఎంచుకుంది. నేను బద్ద మీద పరిచి కొలిచి చూపించాను. అది గుడ్డను రెండు చేతుల్లోకి తీసుకుని, ఒకసారి దులిపి, నెమ్మదిగా బల్ల మీద వదిలింది.

"ఇప్పుడు కొలవండి."

"ఇందాక కొలిచాగా."

"ఇందాక సాగదీసి కొలిచారు సార్. బొటనవేలు కింద నొక్కిపట్టి లాగారు. వదిలేస్తే పిడికెడు తక్కువొస్తుంది. మా పిన్ని దుప్పట్లు మడతేసే పని చేస్తుంది. గుడ్డ లాగితే ఎంత అబద్ధమాడుతుందో నాకు తెలుసు."

క్లాసు పేలిపోయింది. మైకు బెంచీ ఎక్కి "పిడికెడు సార్! పిడికెడు సార్!" అని అరవడం మొదలుపెట్టాడు. మా బజారులో అందరూ అలాగే కొలుస్తారు, కొనేవాళ్ళకీ తెలుసు. కానీ కొట్టులో తెలియడం వేరు, అంతమంది ముందు బద్దతో సహా పట్టుబడటం వేరు. ఒళ్ళు మండిపోయింది.

"మీవి కొనే మొహాలు కావే," అన్నాను. "తడిమి, నలిపి, మురికి చేసి పోయే మొహాలు. పొద్దుట్నుంచి రాత్రిదాకా మీలాంటివాళ్ళని చూసే నా కళ్ళు అరిగిపోయాయి."

 మైకు బెంచీ దిగాడు. కత్తెర నీలం ముక్కను నాలుగు మడతలు వేసి నా ముందు పెట్టి, సంచి భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. గుమ్మంలో ఆగింది. వంగి బూటు తాడు కట్టుకోసాగింది. తాడు ఊడలేదు. నాకు కనిపిస్తూనే ఉంది, ముడి గట్టిగా ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా గుమ్మాల్లో ఆగినవాళ్ళని చూస్తున్నవాణ్ణి. అది ఎందుకు ఆగిందో ఆ గదిలో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. క్లాసంతా నా నోటి వంక చూస్తోంది. "అమ్మాయ్, ఆగు" అంటే అయిపోయేది. నేను ముందురోజు చెప్పిన పాఠమే చేసి చూపించాను. తలవంచుకుని గుడ్డలు సర్దుకున్నాను. తలెత్తేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

మర్నాడు రాలేదు. రెండు రోజుల్లో తనే వస్తుందిలే అనుకున్నాను. వారం గడిచింది. పెద్ద మేడమ్ హాజరు చూసి పిలిపించారు.

"మీ డజనులో ఒకటి తగ్గింది."

"వస్తుంది మేడమ్."

"వాళ్ళ పిన్ని బడి మాన్పించేసిందట. పనికి పెట్టేసుకుంది. సెల్‌ఫోన్లవాళ్ళు నిన్న మళ్ళీ వచ్చి వెళ్ళారు, ఊరికే చెబుతున్నాను," అని ఆవిడ కాగితాల్లో తల దూర్చారు.

క్లాసు ఇంతకు ముందు గోలచేసేది. ఇప్పుడు గోల లేదు. నేను అడిగితే పలకరు, నవ్వరు, కుర్చీ మీద నీళ్ళు కూడా పోయరు. పొడి కుర్చీలో కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది. మైకు నోరు మూసుకోవడమంటే మామూలు విషయం కాదు. ఒకరోజు ఉండబట్టలేక, "ఏరా, గొంతు పోయిందా?" అన్నాను.

"మూడో కొట్టు దాటేసింది సార్," అన్నాడు. అంతే, మళ్ళీ కిటికీలోంచి బస్సులు చూడటంలో పడ్డాడు.

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండేది. మా ఆవిడ చేతిలో పని ఆపేసి ఒంటికాలి మీద లేచింది.

"గుడ్డలు సర్దుకున్నారా? ఆ పిల్ల గుమ్మంలో నిలబడితే?"

"పిలిస్తే లోకువైపోనూ?"

"పెళ్ళయిన కొత్తల్లో నేను అలిగి మా అమ్మావాళ్ళింటికి పోయినప్పుడు కూడా ఇలాగే సర్దుకున్నారు. సందు చివర చెప్పు తెగినట్టు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలుసు. ఆఖరికి నేనే సిగ్గు విడిచి తిరిగొచ్చాను. మీ పాఠం గొప్పదని ఇన్నేళ్ళూ అనుకున్నారు గామోసు. అందరూ నాలాంటి వెర్రిబాగులవాళ్ళుండరండీ."

 ఆవిడ తిరిగొచ్చిన సంగతిని ఇన్నాళ్ళూ నా లాభంలో కలుపుకున్నాను మరి.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి పిన్ని పనిచేసే చోటుకు వెళ్ళాను. హోటళ్ళ దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి కట్టలు కట్టే గది అది. గోడౌను మీది అంతస్తు. ఆవిరికి గోడలు చెమర్చి ఉన్నాయి. గుమ్మంలోనే పిన్ని అడ్డుపడింది. లావుపాటి మనిషి, మోచేతుల దాకా తడి.

"ఎవరయ్యా నువ్వు?"

"బడి నుంచి వచ్చానమ్మా. పాఠం చెబుతాను."

"ఓహో, కొనే మొహాలు కావన్న మొహం నువ్వేనా?" ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసింది. "ఇక్కడ కూడా కొనే మొహాల్లేవు. దిగు."

"మీ అమ్మాయితో రెండు మాటలు..."

"నా మాటే వినదది. నీది వింటే వినిపించుకో. చెయ్యి ఖాళీగా నిలబడితే మాత్రం ఊరుకోను. దుప్పటి పట్టు."

కత్తెర అప్పటికే దుప్పటి ఒక కొస పట్టుకుని, రెండో కొస పట్టేవాళ్ళ కోసం చూస్తోంది. నేను వెళ్ళి పట్టుకున్నాను. పొడుగాటి దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరూ ఎదురెదురుగా నడిచి దగ్గరికి రావాలి, కొసలు కలపాలి, మళ్ళీ వెనక్కి పోవాలి. మొదటిసారి దగ్గరికి వచ్చినప్పుడు అన్నాను:

"నీ భవిష్యత్తు గురించి ఆలోచించావా?"

"ఆ మాట నాకు చెప్పిన టీచర్లు ఇద్దరున్నారు సార్. ఇద్దరూ వేరే బడికి పోయారు. మీరెప్పుడు పోతున్నారు?"

వెనక్కి నడిచాం. రెండోసారి దగ్గరికి వచ్చినప్పుడు, "నీ మంచికోరి చెబుతున్నాను," అన్నాను.

"అంచు కలవలేదు. సరిగ్గా పట్టండి."

ఇక తియ్యటి మాటల మూట విప్పి లాభం లేదనిపించింది. మూడో దుప్పటి దగ్గర ఉన్న సంగతి చెప్పేశాను. "చూడు, నువ్వు రాకపోతే నా కొట్టు పోతుంది. డజను మంది ఉంటేనే కోర్సు ఉంటుంది, కోర్సు ఉంటేనే గది ఉంటుంది. నువ్వు బాగుపడతావో లేదో నాకు తెలియదు. లెక్కకి నీ తలకాయ కావాలి నాకు."

అది దుప్పటి పట్టుకునే ఆగిపోయింది. తర్వాత నవ్వింది. ఆ మొహంలో నవ్వు చూడటం నాకదే మొదలు, అది కూడా మంచి నవ్వేమీ కాదు.

"ఇది బాగుంది సార్. ఇది నమ్మొచ్చు." కొసలు నా చేతిలో పెట్టింది. "అంటే నాకు ధర ఉందన్నమాట."

"ఉంది. చెప్పు."

"ఆ రోజు గుమ్మంలో ఎందుకాగానో తెలుసా మీకు?"

"తెలుసు. తాడు ఊడలేదు."

"తెలిసీ పిలవలేదు?"

"పిలవలేదు."

"అయితే ఇప్పుడు పిలవండి."

"సరే. రా అమ్మాయ్, బడికి రా."

"ఇక్కడ కాదు. ఇక్కడ వినడానికి పిన్ని తప్ప ఎవరున్నారు? క్లాసులో. నేను వస్తాను, లేచి బయటికి నడుస్తాను. మీరు అందరి ముందూ వెనక్కి పిలవాలి."

"కుర్చీలో కూర్చునే పిలుస్తాను."

"లేచి."

"సరే, గుమ్మం దాకా వస్తాను. ఒక్కసారి పిలుస్తాను."

"నేను తిరిగేదాకా పిలవాలి. ఎన్నిసార్లని ముందే చెబితే అది బేరం కాదుగా."

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి పిన్ని కేకేసింది. "ఒప్పుకోవయ్యా! పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి నా దగ్గర పని. అంతకంటే చవగ్గా నీకెవరూ ఇవ్వరు. ఒప్పుకుని ఆ దుప్పటి కట్టలో పెట్టు, నేల మీద ఈడుస్తున్నావు!"

ఒప్పుకున్నాను. ఎన్నో బేరాలు ఓడాను గానీ, ఓడినవాడి చేత దుప్పట్లు మోయించిన బేరం అదొక్కటే.

అన్నమాట ప్రకారం మర్నాడు వచ్చింది. క్లాసుకు సంగతి ముందే తెలిసిపోయినట్టుంది, అందరూ గుమ్మం వైపే తిరిగి కూర్చున్నారు. ఒక ఐదు నిమిషాలు బెంచీలో కూర్చుని, లేచి, సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను.

"అమ్మాయ్," అన్నాను.

వినబడలేదు. వినబడనట్టు నడుస్తోంది. పక్క క్లాసు దాటింది.

"అమ్మాయ్, ఆగు!"

ల్యాబు గది దాటింది. మూడోది టీచర్ల గది. అక్కడ నడక తగ్గించింది, వంగి తాడు పట్టుకుంది. హమ్మయ్య అనుకుని, "ఇక రా!" అన్నాను. అది లేచి, నిమ్మళంగా మెట్ల వైపు మళ్ళింది. టీచర్లంతా గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. నా వెనక డజనుకు ఒకటి తక్కువ మంది ఒకరి భుజాల మీద ఒకరు పడి తొంగిచూస్తున్నారు. మెట్లు దిగడం మొదలుపెట్టింది. దిగిపోతే కొట్టు పోతుంది. అప్పుడు వెళ్ళింది నా గొంతు, బజారులో కూడా ఎప్పుడూ వాడనంత గొంతు.

"రావమ్మా రా! వెనక్కి రా! నోరు జారాను! నీది కొనే మొహమే! కొనకపోయినా రా! తడిమి పో, నలిపి పో, రా!"

కారిడారులో పరిగెత్తాను. మెట్ల మలుపు దగ్గర అందుకున్నాను. రొప్పుతున్నాను. అది కటకటాల మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"ఎంత తగ్గించారు?" అంది.

"ఉన్నదంతా తగ్గించాను."

"సరే, ఆలోచిస్తాను," అని నన్ను దాటుకుని పైకెక్కి క్లాసులోకి పోయింది. నేను వెళ్ళేసరికి తన బెంచీలో కూర్చుని పుస్తకం తెరిచి ఉంది. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పలేదు. నేనూ కుర్చీ తడిగా ఉందో లేదో చూడకుండా కూలబడ్డాను. పొడిగానే ఉంది.

అక్కడితో అయిందనుకున్నాను. మర్నాడు పాఠం మధ్యలో మైకు లేచి బయటికి నడిచాడు.

"నిన్నెవడేమన్నాడురా?"

"ఎవరూ ఏమీ అనలేదు సార్."

"మరి ఎక్కడికి?"

"ఊరికే." గుమ్మంలో ఆగి వంగాడు. వాడు వేసుకున్నవి తాడు లేని చెప్పులు.

నాకు తిక్కరేగింది. "ఒరేయ్ వెధవా, లేని తాడు ఏం కడతావురా? వచ్చి కూర్చో! నీ తలకాయ కూడా లెక్కలో ఉంది నాకు!" అని అరిచాను. వాడు ఏదో బహుమతి వచ్చినవాడిలా పళ్ళికిలిస్తూ వచ్చి కూర్చున్నాడు. ఆ వారంలో ఒక్కొక్కరే అందరూ లేచారు. అందర్నీ అరిచి పిలిచాను. ఇంత గిరాకీ ఉన్న సరుకు నా గొంతులోనే పడి ఉంది, నేనేమో ముప్ఫై ఏళ్ళుగా కొట్టులో పెట్టలేదు.

తర్వాత పొద్దుటి పూట కొట్టు మెట్ల మీద నిలబడి పిలవడం మొదలైంది. గేటు దాటి బస్టాపు వైపు జారుకునేవాళ్ళను, సినిమాహాలు వైపు తిరిగేవాళ్ళను, రోడ్డుకు అడ్డంపడి పిలిచేవాణ్ణి. ముద్దు పేర్లేమీ పెట్టలేదు. "ఏయ్ పొడుగూ, నిన్న ఏ గాడిదలు కాశావు? నిద్రమొహమా, కళ్ళు తెరిచి నడు!" వాళ్ళూ ఊరుకునేవాళ్ళు కాదు. "పిడికెడు సార్, ఇవాళ ఎంతమందిని సాగదీశారు?" అంటూ వచ్చేవాళ్ళు. రానివాళ్ళు ఎందుకు రాలేదో వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఒకడి తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొట్టాడని, ఒకమ్మాయికి కళ్ళజోడు పగిలి బోర్డు కనిపించడం లేదని. తండ్రితో నేను పోట్లాడి వచ్చాను. కళ్ళజోడు కొట్టువాడితో పోట్లాడి వచ్చాను. ఎవరితోనూ మంచిగా మాట్లాడిన గుర్తు లేదు. తలకాయలు లెక్క చూసుకోవడానికి వీలుగా ఉంటుందని మెట్ల మీద నీళ్ళు పోయడం మానేశాను. ఆడవాళ్ళు మోకాళ్ళు దాటుకుని వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు.

బద్ద మీద గుడ్డను వదులుగా పరిచి కొలవడం కూడా అప్పుడే మొదలైంది. కత్తెర కొట్టు గుమ్మంలో నిలబడి నా బొటనవేలి వంకే చూస్తుంటే ఎవడు మాత్రం లాగుతాడు?

పరీక్ష రోజు వచ్చింది. బోర్డు నుంచి వచ్చినావిడ మా కొట్టులోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెద్ద మేడమ్ పక్కన నిలబడ్డారు. తలకాయలు చూశాను. మైకు లేడు.

"గంట కొట్టాక వచ్చినవాళ్ళని తీసుకోను," అన్నారు బోర్డావిడ, గడియారం చూస్తూ.

బయటికి పరిగెత్తాను. మైకు రోడ్డుకు అవతల బస్టాపులో నిలబడి ఉన్నాడు. మాకేసే చూస్తున్నాడు. మొదటి మాటకే ఒప్పుకుని నవ్వులపాలైన రోజు వాడికి గుర్తుందని నాకప్పుడు తట్టింది. అంత గొంతున్నవాడు బేరమంటే బిగుసుకుపోతాడు. "ఒరేయ్!" అని అరిచాను. ఏడాదంతా అరిచిన గొంతు, ఆ పొద్దున సగానికే చిరిగిపోయింది. మధ్యలోంచి బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. వాడు అప్పుడే వచ్చి ఆగిన ఇంకో బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు.

"తప్పుకోండి సార్," అని కత్తెర నన్ను పక్కకు తోసి మెట్ల మీద నిలబడింది.

"మైకూ! ఓడితే నవ్వుతాం! ఖచ్చితంగా నవ్వుతాం! నవ్వించుకుని పోదువు గానీ రారా!"

ఆ గొంతు బస్సు హారనును కోసుకుంటూ వెళ్ళింది. వాడు కాలు దించాడు. బస్సు పోయింది. రోడ్డు దాటుకుంటూ, డ్రైవర్ల చేత తిట్లు తింటూ, గంట కొడుతుండగా వచ్చి కొట్టులో పడ్డాడు. బోర్డావిడ అడిగిన మొదటి ధరకే మళ్ళీ ఒప్పుకున్నాడు. అన్నమాట తప్పకుండా అందరూ నవ్వారు.

ఫలితాలు వచ్చాయి. మైకు తప్పాడు, ఇంకొకడు కూడా తప్పాడు, మిగతావాళ్ళు గట్టెక్కారు. పరీక్షకు డజను మందీ కూర్చున్నారు కాబట్టి కోర్సు మిగిలింది, గది మిగిలింది. పెద్ద మేడమ్ ఈసారి కూర్చోమని అన్నారు. అన్నాక, వచ్చే ఏడు రెండు డజన్లు చేర్పిస్తున్నానని చెప్పారు. కూర్చోమన్నప్పుడే అనుమానం వచ్చింది నాకు.

కత్తెరను నా కొట్టులో పెట్టుకుందామనుకున్నాను. కబురు పెట్టేలోపే రోడ్డుకు అవతల కొత్తగా తెరిచిన పెద్ద బట్టల దుకాణంవాళ్ళు ఎగరేసుకుపోయారు. పరీక్ష రోజు ఆ గొంతు వాళ్ళకీ వినబడింది మరి. ఇప్పుడు నా కొట్టులోంచి ధర నచ్చక లేచిపోయినావిడ రోడ్డు దాటిందంటే, ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చి పిలిచి లోపల కూర్చోబెడుతుంది. వదులుగా కొలిచి చూపిస్తుంది. నా గిరాకీ, నా పాఠాలు, అన్నీ అటే పోతున్నాయి.

మొన్న వాళ్ళ ధరలు కనుక్కుందామని వెళ్ళాను. చొక్కా గుడ్డ నలిపి చూశాను, అంచు లాగి చూశాను.

"కొంటారా, తడుముతారా?" అంది, బద్ద తిప్పుతూ.

"ధర ఎక్కువ."

"అయితే వెళ్ళిరండి."

బయటికి వచ్చాను. పక్క కొట్టు దాటాను. రెండోది దాటాను. మూడో కొట్టు దగ్గర చెప్పు ఊడిందేమోనని వంగి చూసుకున్నాను. ఊడలేదు. అయినా ఇంకాస్త సేపు వంగే ఉన్నాను.

"కట్‌పీస్ సార్! ఎంతసేపు వంగుతారు, నడుం పట్టేస్తుంది! రండి, తగ్గిస్తాను!"

వీధంతా తిరిగి చూసింది. నేను వెంటనే వెనక్కి తిరగలేదు.

లెక్క ఇది. కొట్టు మిగిలింది. మెట్లు పొడిగా ఉన్నాయి, వాటి మీద మైకు కూర్చుని మళ్ళీ పరీక్షకు చదువుతున్నానని చెబుతూ గిరాకీని బెదరగొడుతున్నాడు. బేరం బాగా తగ్గింది. ఎదురుగా పోటీ తయారైంది. దానికి నేర్పినవాణ్ణి నేనే. ఇక జమ వైపు చూస్తే, మూడో కొట్టు దాటిపోయేవాణ్ణి కూడా పిలిచే గొంతు ఒకటి ఈ వీధిలో ఉంది, అది నన్ను కూడా పిలుస్తుంది. గిట్టింది.